వర్జ్యానికి ముందు పూలవాన

నూట డెబ్బయి నాలుగు మంది. లాయరు దేవీప్రసాద్ నవ్వుతానే సెప్పేడు నాకు, పైలట్లతో కలిపి నూట డెబ్బయి నాలుగు మందండీ గవర్రాజు గారూ అని, పెళ్లిలో ఎన్ని ఇస్తరాకులు ఎయ్యాలో సెప్పినట్టు. ఓరి నీ లాయరుతనం తగలెయ్య. ఆ పెద్దిమానం మా సిన్న ఇమానం నెత్తి మీంచి మూడు తాటిసెట్ల ఎత్తున ఎల్లిపోయి ఇయాల్టికి తొమ్మిది రోజులు, ఇన్నాళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, నవ్వకండా ఆ మాట మాటాడినోడు నేడు. టీవీలోడు నవ్వేడు, పూర్ణామార్కెట్లో నా పువ్వులకొట్టు పక్కోళ్లు నవ్వేరు, మా ఇంటిది కాంతం నవ్వనేదు గాని కాంతం నా మొకం సూసి నవ్వడం మానేసి సానా ఏళ్లయింది. పది గంటలకి రమ్మన్నారు, పదీ పావయింది. ఎయిర్‌పోర్టు ఆఫీసు వరండాలో ఇనపబెంచీ మీద కూకున్నాను. ఎదురు బెంచీ మీద ఆ పిల్ల కూకుంది, శ్రీసత్య, ఆ సిన్న ఇమానం నడిపిన పిల్ల. లోపల ముగ్గురు ఆఫీసర్లు. ముందు నన్ను పిలుత్తారంట, తరవాత ఆ పిల్లని. నాను లోపలికెల్లి రెండు ముక్కలు సెప్పాల. ఆ రెండు ముక్కల మీద ఆ పిల్ల లైసెన్సు ఉంటాదో ఊడతాదో తేలిపోద్దంట. నా మాట మీద. యాభై నాలుగేళ్ల బతుకులో నా మాట మీద మా ఇంట్లో ఏం కూరొండాలో కూడా తేలనేదు ఎప్పుడూ.

ఆ రెండు ముక్కలేటంటే. ఒకటి, నాకు గుండెనొప్పి రానేదు, వొచ్చిందని నాను సెప్పనూనేదు. రెండు, ఇమానం ఆ పిల్లే తనంతట తను తిప్పింది, పువ్వులు పొయ్యమని ఆ పిల్లే అంది. నిన్న సాయంత్రం, ఆ పువ్వులు పోయించిన నా నేస్తం ఎల్లాజీ ఆఫీసులో ఏసీ గదిలో కూకోబెట్టి దేవీప్రసాద్ నాసేత మూడుసార్లు అప్పజెప్పించేడు, బళ్లో ఎక్కాలు సెప్పించినట్టు. నొప్పి రానేదన్నది నిజం. సెప్పనేదన్నది అబద్దం. సెప్పేను. గుండె పట్టుకుని, కళ్లు తేలేసి, సీటు మీద వొరిగిపోయి మరీ సెప్పేను. ఆకాశంలో, తలుపు ఊడదీసిన ఇమానంలో, నాలుగు బస్తాల పువ్వుల మజ్జిన కూకుని గుండెపోటు నాటకమాడినోడు ఈ భూమ్మీద నానొక్కడినే అయ్యుంటాను. ఎందుకాడేవురా అంటే, తాడిసెట్టు ఎందుకెక్కేవురా అంటే దూడగడ్డి కోసం అన్నట్టు, ముహూర్తం కోసం. ఎయిర్‌పోర్టు టవరోళ్లు ఆగమన్నారు, ఆ పిల్ల ఆగింది. నాను గుండె పట్టుకున్నాను, ఆ పిల్ల తిప్పింది. ఇప్పుడు నాను నొప్పీ నేదు గిప్పీ నేదు, అసలా మాటే అన్నేదంటే ఆ పిల్ల అబద్దాలకోరవుతాది, ఇంక ఈ జన్మలో ఇమానం ఎక్కనివ్వరు. నాటకమాడేనని ఒప్పుకున్నాననుకో, ఆ పిల్ల బయటపడతాది, నాను బొక్కలోకెల్తాను. ఇంతే సంగతి. ఇంతకి మించి ఇందులో బ్రహ్మవిద్య ఏటీ నేదు, ఆ దేవీప్రసాద్ మాత్రం మూడు పుస్తకాలు ముందరేసుకుని కళ్లజోడు ఎత్తీ దించీ, ఏదో గంగ దింపుతన్నట్టు.

ఆ పిల్ల ఫైలు ఒళ్లో ఎట్టుకుని గోడకేసి సూత్తన్నాది. బూట్లు మిలమిల మెరిసిపోతన్నాయి. ఉద్దోగం ఊడిపోయే రోజు బూట్లకి పాలిషెట్టుకొచ్చిన గుంటని దీన్నే సూసేను. ఇరవై ఆరేళ్లుంటాయేమో. వాళ్ల నాన్న ఉక్కుఫేక్టరీలోనంట, గోదావరి జిల్లా నించి వొచ్చి ఉక్కునగరంలో స్థిరపడ్డోళ్లు, మాటంతా గారు గారు, మర్యాద ఒలికిపోతాది. పువ్వులు పోసిన రోజు ఇమానం దగ్గర నన్ను సూసి నమస్కారం బాబాయ్ గారూ అంది. నాకు ఒళ్లు మండింది. నాను ఏ ఇమానానికి బాబాయినే? పువ్వులోణ్ణి. పువ్వులోణ్ణి పువ్వులోడూ అంటే సరిపోద్ది. మా మార్కెట్లో ఎవడైనా గారూ అన్నాడంటే ఆడు ఏదో అడగబోతన్నాడని లెక్క. ఈ పిల్ల ఏటీ అడగనేదు, బెల్టు ఎలగెట్టుకోవాలో సూపించింది, తలుపు నేదు కాబట్టి కాలు బయట ఎట్టొద్దంది, పువ్వులు పొయ్యమన్నప్పుడే పొయ్యండి, బస్తా మూతి బిగువుగా పట్టుకోండి, గాలి లాగేసుకుంటాది అంది. సిన్నపిల్లలకి సెప్పినట్టు సెప్పింది. నాను ఊఁ ఊఁ అన్నాను. లోపల మాత్రం, ఓలమ్మా, నువ్వు పుట్టకముందు నించీ ఈ సేతులు బస్తాలు మోత్తన్నాయే అనుకున్నాను.

ఇదంతా ఎల్లాజీ గాడి వల్ల. గాడు అని మనసులో అనుకోడమే, పైకి బావే. పరవాడ పక్క ఊళ్లో ఆడూ నానూ ఒకే పలక మీద రాసుకున్నోళ్లం. ఆ పలక నాదే. కరెంటు ఫేక్టరీ వొచ్చింది, బూడిద ఒచ్చింది, ఆ బూడిద మోసే టిప్పర్లు ఎల్లాజీయి అయిపోయేయి, బూడిద పడ్డ మా కొబ్బరిసెట్లు మాత్రం మాయే ఉండిపోయేయి. ఇప్పుడాడు నాయకుడు. ఇంకా ఏ పదవీ రానేదు గాని ముందు నాయకుడయిపోయేడు, తెల్లసొక్కా, మెళ్లో కండువా, ఎనకాల ఆరుగురు, ఆ ఆరుగురి ఎనకాల నాను. ఆడి బాబు ఇగ్రహం గాజువాక పక్కన కొత్త లేఅవుటు మొగలో ఎట్టించేడు. ఆ ముసిలోణ్ణి నాను ఎరుగుదును, గోసీ తప్ప కట్టినోడు కాదు, ఇగ్రహానికి కోటేసేరు, కళ్లజోడెట్టేరు, సేతిలో పుస్తకం ఎట్టేరు. పుస్తకం! ఏలిముద్రేసే మడిసి. దాన్ని సూసి మా ఊరోళ్లు ఇదెవరో పట్నం పంతులుగారి బొమ్మ అనుకున్నారు. ఇంక పువ్వుల సంగతి. మొన్నమొన్నటి దాకా నాయకుడంటే జేసీబీ తొట్టితో పువ్వులు పోయించుకునీవోడు, మట్టి తవ్విన తొట్టి కడగను కూడా కడగరు, పువ్వులతో పాటు కంకర పడి ఒకడికి నెత్తి బొప్పి కట్టింది. గాజువాకలో ఎల్లాజీకి పడనోడొకడు రెండు జేసీబీలు ఎట్టేడని, ఈడు ఇమానం అన్నాడు. బావా, ఆకాశం నించి పడాల బావా, మా అయ్య మీద దేవతలు జల్లినట్టుండాల అన్నాడు. దేవతలు. ఆ దేవతల్లో నానొకణ్ణి. లుంగీ ఇప్పేసి ప్యాంటు ఏసుకున్న దేవతని.

ఇగ్రహం ముసుగు తీసే ముహూర్తం పది గంటల ఇరవై రెండు నిమిషాలు. పది ముప్పై ఒకటి నించి వర్జ్యం. ఎల్లాజీ ముహూర్తం సూడకండా తుమ్మడు కూడా. కొత్త టిప్పరు కొంటే మొదటి హారను ఎన్నింటికి కొట్టాలో పంతులుగారిని అడుగుతాడు. ఆడి కూతురికి ఎనిమిదో తరగతి పరీక్షకి మంచి ఘడియ అని గంట ముందర పంపించేడు, ఆ పిల్ల గేటు బయట ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయింది, అప్పుడేమన్నాడో తెలుసా, సూసేవా బావా, మంచి ఘడియ కాబట్టి దెబ్బ తగల్నేదు అన్నాడు. అలాటి బుర్రకి నానేటి సెప్పగలను. సెప్పనేదు కూడా. నలభై ఏళ్ల నించి ఆడేటంటే అది, అవును బావా. ఎల్లాజీని తిడతన్నానా, తిట్టుకోనీ, తిట్టడానికి ఖర్సేటి. కానీ అవును బావా అనీవోడు ఎనకాల నేకపోతే ఆ బుర్ర అంత దూరం ఎల్లునా? ఎల్లకపోను.

పైకెల్లేక మాత్రం. ఏటో అనుకున్నాను. పైనించి ఇశాపట్నం సూత్తే గొప్పగా ఉంటాదని టీవీలో సెప్తారు. నాకేటీ గొప్పగా అనిపించనేదు. పోర్టులో బొగ్గుకుప్ప, దాని పక్కన ఎర్రమట్టి కుప్ప, క్రేన్లు కొంగల్లాగ ఒంటికాలి మీద, సముద్రంలో వరసగా ఓడలు, ఎప్పుడు పిలుత్తారా అని నిలబడి ఉన్నాయి, రేషను కొట్టు ముందర మడుసుల్లాగ. అవతల ఉక్కుఫేక్టరీ గొట్టాలు, ఇవతల యారాడ కొండ, మజ్జిన మంచో పొగో తెలీని తెల్లటి ముసుగు. మాఘమాసం కదా. ఇంతేనా, ఈ గుప్పెడు జాగా కోసమా జనాలు సచ్చిపోతన్నారు అనుకున్నాను. ఆ పిల్ల సెవులకి పెద్ద డిప్పలెట్టుకుని టవరోళ్లతో ఇంగ్లీషులో మాటాడతన్నాది, సముద్రం మీద గుండ్రంగా తిప్పుతన్నాది. ఒక సుట్టు, రెండు సుట్లు, మూడు. ఎనక్కి తిరిగి గట్టిగా అరిసి సెప్పింది నాతో, హైదరాబాదు ఫ్లైటు లేటుగా వస్తోంది, అది దిగేదాకా మనల్ని ఇక్కడే ఉండమన్నారు, ఇంకో పది పన్నెండు నిమిషాలు అని. నా సేతిలో ఫోను. పది పదిహేనయింది. గాలికి ఏటీ ఇనబడదు, అందుకని ఎల్లాజీ మెసేజీలు. ఎక్కడున్నావు బావా. పంతులుగారు అడుగుతన్నారు బావా. పది పద్దెనిమిది. కొబ్బరికాయ కొట్టేసేరు బావా. పది ఇరవై. వర్జ్యం వొచ్చేత్తాది, ఏదోటి సెయ్ బావా. ఏదోటి సెయ్. ఆ మాట సూడు. ఏటి సెయ్యాలో సెప్పడు. సెప్తే తప్పు ఆడిదవుతాది. ఏదోటి అంటే, ఆ ఏదోటి నాది. నాయకుడవడానికి ఇంతకంటే సదువు అక్కర్నేదు.

నాకేటి వొచ్చు సెయ్యడం? నాకు వొచ్చింది ఒక్కటే. గుండె పట్టుకోడం. మా అన్నదమ్ముల పొలం తగువులో మాట నెగ్గనప్పుడు పట్టుకున్నాను, అందరూ నీల్లో నీల్లో అన్నారు, తగువు వాయిదా పడిపోయింది. అప్పుడు కనిపెట్టేను. ఆనక పోలీసుస్టేషన్లో ఒకసారి, అత్తారింట్లో రెండుసార్లు, మార్కెట్లో గొడవ పడ్డప్పుడల్లా. ఊపిరి ఎలగ ఆపాలో, నుదుటి మీద సెమట ఎలగ పట్టించాలో, ఏ మాట మజ్జిలో మాట ఇరగ్గొట్టాలో నాకు కొట్టిన పిండి. కాంతానికి నా గుండెనొప్పి మీద నమ్మకం పోయి పదేళ్లయింది. ఒకసారి ఏదో మాటా మాటా ఒచ్చి నాను పట్టుకుంటే, కూర కలుపుతానే తల తిప్పకండా, గుండె ఎడంపక్కనుంటాది, కుడిపక్క పట్టుకున్నావు, మార్సుకో అంది. మార్సుకున్నాను. ఊళ్లో ఇంకెవడూ నమ్మడు. ఎల్లాజీ అయితే నలుగురిలో సరదాకి, బావా ఒకసారి పట్టుకో బావా అని అడిగి నవ్వుతాడు. నాను పట్టుకుంటాను. నవ్వుతారు. అదీ నా గౌరవం.

పది ఇరవై ఒకటికి పట్టుకున్నాను. అమ్మా అన్నాను. ఆ గాలిలో ఇనబడదేమోనని సీటు మీద తన్నేను. ఆ పిల్ల తిరిగి సూసింది. నా మొకం సూసిందో నేదో దాని మొకం మారిపోయింది. అడగనేదు. ఎక్కడ నొప్పి, ఎంతసేపటి నించి, నిజమేనా, ఏటీ అడగనేదు. ఒక సేత్తో ఇమానం పట్టుకుని రెండో సెయ్యి ఎనక్కి సాపి నా సెయ్యి దొరకపుచ్చుకుంది. గట్టిగా ఊపిరి తీసుకోండి బాబాయ్ గారూ, ఆరు నిమిషాల్లో కిందుంటాం, నేనున్నాను అంది. తిప్పేసింది. టవరుకి సెప్పిందంట, సెప్తన్నప్పుడే ఇంకెవరో కూడా మాటాడతన్నారంట, ఇద్దరొకేసారి మాటాడితే ఎవరిదీ ఇనబడదంట. అదంతా తరవాత తెలిసింది. నాకు అప్పుడు తెలిసిందేటంటే కింద నీలం షామియానా, దాని మజ్జిన ముసుగేసిన బొమ్మ, జనం, అన్నీ మా కిందకి జరిగొత్తన్నాయి. ఎయిర్‌పోర్టుకి దారి దాని మీంచే. నాకు తెలుసు దాని మీంచేనని. పది ఇరవై రెండు. బస్తా మూతి ఇప్పేను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుండె పట్టుకున్న సేత్తోటే.

నాలుగో బస్తా ఒంచుతన్నప్పుడు కుడిపక్క తెల్లటి ముసుగులోంచి ఒక ముక్కు ఒచ్చింది. అంతే, ముక్కు. ఎనకాల రెక్కలు, కింద సక్రాలు దింపుకుని. దానికి దీపాలు ఎలుగుతన్నాయి పట్టపగలు. నాకు ఏ దేవుడూ గుర్తుకు రానేదు. కాంతం కూడా గుర్తుకు రానేదు. ఓరి దీని అమ్మ, ఎంత పెద్దదో అనుకున్నాను. ఆ పిల్ల ఏటో అరిసింది, మా ఇమానం ముక్కు కిందకి గుచ్చింది, ఆ పెద్దది ఆంబోతులాగ రంకేసి పైకి లేసింది. దాని పొట్ట సూసేను. పొట్ట మీద జిడ్డు మరకలు కూడా సూసేను. ఆ జిడ్డు మరకల పైన నూట డెబ్బయి నాలుగు మంది బెల్టులెట్టుకుని కూకున్నారు, ఒళ్లో పిల్లలెట్టుకుని కొందరు, దిగ్గానే ఎవరికి ఫోను సెయ్యాలా అని ఆలోసించుకుంటా. ఇద్దరికి తలలు పగిలేయంట లోపల, బెల్టు ఎట్టుకోనోళ్లకి. నా బస్తా ఇంకా సేతిలోనే ఉంది. అడుగున నాలుగు రేకలు అంటుకుని ఉన్నాయి. నాను దులిపేను. అంత అయినాక కూడా, దులిపేను. పని సగంలో ఒగ్గెయ్యడం నాకు అలవాటు నేదు మరి.

కిందోళ్లేం సేసేరో తెలుసా. సప్పట్లు కొట్టేరు. ఈలలేసేరు. మైకులో ఒక ఎదవ, మన అన్నగారు ఒకటి కాదు రెండిమానాలు రప్పించేరు అని అరిసేడు. ఆ ఈడియో ఊరంతా సూసింది. ఎర్రటి పువ్వులు రాలతా ఉంటే ఎనకాల ఇమానం కడుపు, దాని మీద ఎల్లాజీ బొమ్మ అతికించి, పాటెట్టి, స్టేటస్సులు ఎట్టుకున్నారు. సాయంత్రం దాకా అది సంబరం. సాయంత్రం టీవీలో నిజం సెప్పేక, అప్పుడు ఎల్లాజీ ఫోను ఎత్తడం మానేసేడు, మూడోరోజు దేవీప్రసాద్‌ని పంపేడు. ముహూర్తం మాత్రం తప్పనేదు బావా, అది సాలు నాకు అని కబురు. సూడు ఆడి మొకం.

నాను అంబులెన్సులో కూడా నాటకమాడేను. దిగ్గానే ఆ పిల్లే నన్ను బుజం మీద ఏసుకుని దింపింది, అదేమో గడకర్రలాగుంటాది, నానేమో రెండు బస్తాల బరువు. ఆస్పత్రిలో వైర్లు అంటించేరు, గీతలు తీసేరు, గుండె భేషుగ్గా ఉందన్నారు. గేసు అయ్యుంటాదన్నారు. ఆ కాగితం ఇప్పుడు ఆఫీసర్ల దగ్గరుంది. గుండె బాగుంటే నొప్పెక్కడిది, నొప్పున్నోడు నాలుగు బస్తాలు గురి సూసి ఎలగ పోసేడు అని ఆఫీసర్లు ఆ పిల్లని అడిగేరంట. దానికి ఆ పిల్ల ఏటి రాసిచ్చిందో దేవీప్రసాద్ నిన్న సదివి ఇనిపించి పొట్ట పట్టుకుని నవ్వేడు. నొప్పికి తాళలేక ఆయన బస్తాల మీద పడిపోయి ఉంటారు, మూతులు ఊడి పువ్వులు జారిపోయి ఉంటాయి, నేను ముందుకి చూస్తున్నాను కాబట్టి చూడలేదు అని రాసింది. అబద్దం కాదు అది. అలాగే అనుకుంది. కూకుని ఆలోసించి, నన్ను మంచోణ్ణి సేసే దారి ఒకటి ఎతుక్కుని, అదే జరిగుంటాదని నమ్మేసింది. ఎల్లాజీ నవ్వేడు, దేవీప్రసాద్ నవ్వేడు, నానూ నవ్వేను. ఎర్రిమాలోకమండీ అన్నాను. అన్నాను మరి. ఇంత ఎర్రిదానికి ఇమానం ఎవడిచ్చేడండీ అన్నాను. ఇంటికొచ్చి అన్నం ముందర కూకుంటే ముద్ద దిగనేదు, అది గేసే.

పదకొండు అవుతన్నాది. లోపల టీ కప్పులు ఎల్లేయి, ఖాళీవి బయటికొచ్చేయి. పెద్దోళ్లకి ఎంత పనో. ఎదురు బెంచీ మీంచి ఆ పిల్ల లేసింది. నా పక్కకొచ్చి కూకోనేదు, నిబంధన అంట, సాచ్చులు ఒకరితో ఒకరు మాటాడకూడదంట. అయినా రెండడుగుల దూరంలో నిలబడి, గోడ మీద కేలెండరు సూత్తన్నట్టు సూత్తా, సిన్నగా అడిగింది.

"నొప్పి మళ్లీ రాలేదు కదా బాబాయ్ గారూ? మా నాన్నగారిని చూసే డాక్టర్ని అడిగాను. ఒక్కోసారి మొదటి ఈసీజీలో తెలియదట, ఇంకోసారి తీయించుకోమన్నారు. గ్యాస్ అని వదిలేయకండి."

నాను తల ఊపేను. అది ఎల్లి దాని బెంచీ మీద కూకుంది. అంతే. నన్ను ఒక్కమాట కాపాడమని అడగనేదు. లోపల మంచి సెప్పండి అన్నేదు. అదడిగుంటే బాగుణ్ణు, అడిగుంటే సీ దీని బుద్ధీ ఇంతే అనుకుని ఎల్లి నా రెండు ముక్కలూ సెప్పేసొచ్చుణ్ణు. అడిగే నోరున్నోళ్లంటే నాకు భయం నేదు, ఆళ్లందరూ నా జాతే. నాకు దీని మీద ఎంత కోపమొచ్చిందో సెప్పలేను. పుట్టి ఇరవై ఆరేళ్లయింది, ఇశాపట్నంలో పెరిగింది, ఆటోవోడు, చిల్లరకొట్టోడు, మున్సిపాలిటీవోడు ఎవడూ దీన్ని మోసం సెయ్యనేదా? మోసపోతే నేర్సుకోదా? పదేళ్ల నించి నా గుండెని నమ్మినోళ్లు నేరు ఈ భూమ్మీద. నా పెళ్లాం నమ్మదు, నా నేస్తం నమ్మడు, ఈసీజీ మిసను నమ్మదు. ఇది నమ్మింది. నూట డెబ్బయి నాలుగు మందిని పక్కనెట్టి నమ్మింది. ఇంకా నమ్ముతానే ఉంది, దాని లైసెన్సు పోతన్నా సరే డాక్టర్ని అడిగొచ్చి మరీ నమ్ముతన్నాది. ఏడుపొచ్చింది నాకు. సిగ్గు నేదా గవర్రాజూ నీకు అనుకున్నాను, నేదు అని సమాధానం కూడా నానే సెప్పుకున్నాను.

పిలిసేరు. లోపలికెల్లేను. ముగ్గురు. మజ్జిలోడు తెలుగోడే, కళ్లకింద నల్లగా ఉంది, నిద్ర నేనట్టు. కూకోమన్నాడు. ముందుగా మీకు పైలట్ రాసిచ్చింది చదివి వినిపిస్తాను, అందులో నిజం కానిది ఉంటే చెప్పండి అన్నాడు. సదివేడు. టవరు ఆగమన్నమాట నిజం, తిప్పింది నేనే, తప్పు నాదే. బస్తాల మీద పడిపోడం సదివేడు. ఆఖర్ని ఒక ముక్క ఉంది, అది దేవీప్రసాద్ నాకు సదవనేదు. నా విమానంలో ఉన్న మనిషి మళ్లీ అలా గుండె పట్టుకుంటే నేను మళ్లీ తిప్పుతాను, ఈసారి ముందు నాలుగువైపులా చూసి తిప్పుతాను అని. ఆ ఆఫీసరు కాగితం బల్ల మీదెట్టి, ఈ ఒక్క వాక్యం చాలు ఆ అమ్మాయికి లైసెన్సు పోవడానికి అన్నాడు, పక్కోడితో అన్నాడు, నాతో కాదు. ఆనక నాకేసి తిరిగి, చెప్పండి, నొప్పి వచ్చిందా అన్నాడు.

"రానేదండి," అన్నాను. అక్కడిదాకా దేవీప్రసాద్ పాఠమే. మజ్జిలో ఆఫీసరు రాసుకుంటన్నాడు. "రానేదు. వొచ్చిందని ఆ పిల్లతో సెప్పేను. నాటకమాడేను. పది ఇరవై రెండుకి పువ్వులు పడాలని ఎల్లాజీ మెసేజీలు ఎట్టేడు, ఈ ఫోన్లో ఉన్నాయి, సూసుకోండి. ఏదోటి సెయ్యమన్నాడు గాని గుండె పట్టుకోమని ఆడు సెప్పనేదు. అది నా ఆలోసనే. గురి సూసి పోసింది నానే."

కలం ఆగిపోయింది. ముగ్గురూ ఒకరి మొకాలొకరు సూసుకున్నారు. నాకేటీ తేలిగ్గా అవ్వనేదు, నిజం సెప్తే మనసు తేలికవుతాదని సెప్తారే, ఉత్తిమాట. మజ్జిలోడు, మీ మీద కేసవుతుంది, తెలుసా అన్నాడు. తెలుసన్నాను. ఇదే మాట ఆ అమ్మాయి ముందు చెప్పగలరా అన్నాడు. ఇది నాను అనుకోనేదు. బొక్క అనుకున్నాను, కాంతం అనుకున్నాను, మార్కెట్లో నవ్వులనుకున్నాను, ఇది మాత్రం అనుకోనేదు. గుండె పట్టుకోవాలనిపించింది. నిజంగా. సెయ్యి సగం దాకా లేసింది కూడా, దించీసేను. ఆ పిల్లని పిలిసేరు. ఒచ్చి నా పక్క కుర్సీలో కూకుంది, బాబాయ్ గారూ అన్నట్టు ఒకసారి సూసింది. నాను గోడకేసి సూత్తా మళ్లీ సెప్పేను, మొత్తం, ఒక్క ముక్క తగ్గకండా.

అది ఇంది. ఏడవనేదు. అరవనేదు. ఆఫీసర్లని కాదు, నన్నే అడిగింది. నన్ను మంచోణ్ణి సెయ్యడానికి ఇంకా ఏదో దారి ఎతుకుతన్నట్టే అడిగింది.

"కానీ మీ చెయ్యి చల్లబడిపోయింది కదండీ. మంచుగడ్డలా ఉంది. నేను పట్టుకుని చూశాను. చెయ్యి అంత చల్లగా ఎలా అవుతుంది నాటకమైతే? అది చూసే కదా నేను తిప్పింది."

అవునని అనొచ్చు. అవునమ్మా, ఏటో మరి, అప్పుడు నిజంగానే ఒచ్చిందేమో అనొచ్చు. అది నమ్ముద్ది. ఆఫీసరు కూడా తలెత్తి సూత్తన్నాడు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవలికీ తెలీదు.

"ఐసమ్మా," అన్నాను. "గులాబీ రేకలు ఎండకి నల్లబడిపోతాయని బస్తా అడుగున ఐసుముక్కలేసి తెత్తాం. నువ్వు సెయ్యి ఎనక్కి సాపినప్పుడు, ఇచ్చే ముందర, నా సెయ్యి బస్తా అడుక్కి, ఆ ఐసుకి అదిమి ఇచ్చేను."

ఆ పిల్ల తన సెయ్యి ఒళ్లోంచి తీసింది. ఎనక్కి సాపిన సెయ్యే. దానికేసి ఒకసారి సూసుకుంది, సూసుకుని, ప్యాంటుకేసి మెల్లగా తుడుసుకుంది.